నెరాటినిబ్ ఏడాది వాడాను: మాత్ర గురించి, మోషన్స్ గురించి, ఎలుకల గురించి

మొన్న శనివారం షార్లట్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. తెలిసినవాళ్ల దగ్గర నా నంబరు తీసుకున్నారట. "మీరు ఏడాది పొడుగునా వేసుకున్నారటగా అండీ, నేను పన్నెండో రోజుకే ఆపేశాను" అన్నారు. ఎందుకు అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి "లూజ్ మోషన్స్ అండీ, ఇంట్లోంచి బయటకి కదల్లేకపోయాను" అన్నారు. డాక్టరుకి చెప్పారా అంటే, "ఛ, ఇవన్నీ ఎలా చెప్తామండీ, వేరే కారణం చెప్పాను" అన్నారు.

ఆ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఈ రివ్యూ ఆవిడ కోసం రాస్తున్నాను. ఆవిడలాగే చెప్పుకోలేక ఆపేసేవాళ్ల కోసం కూడా.

ముందు మందు గురించి. నెరాటినిబ్ హెర్-2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌కి, అంటే కణాల మీద హెర్-2 అనే ప్రొటీన్ మామూలుకన్నా ఎక్కువగా ఉండే రకానికి వాడే మాత్ర. కీమో, ఆపరేషన్, ఏడాది పాటు ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక, జబ్బు తిరగబెట్టకుండా ఇంకో ఏడాది ఇస్తారు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2017 జూలైలో దీనికి అనుమతి ఇచ్చింది. ఎర్రగా, కోలగా ఉంటుంది, ఒక్కొక్కటి 40 మిల్లీగ్రాములు. పూర్తి డోసు రోజుకి ఆరు మాత్రలు, అంటే 240 మిల్లీగ్రాములు, ఆరూ ఒకేసారి, తిండితో పాటు. నేను టిఫిన్‌తో వేసుకునేదాన్ని. రెండు ఇడ్లీ తిని, మాత్రలు వేసుకుని, మూడో ఇడ్లీ తినేదాన్ని. ఖాళీ కడుపుతో వేసుకోవద్దు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఎలుకల గొడవ ఎందుకు వచ్చిందో అర్థం కాదు. నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను. పదహారేళ్లుగా నార్త్ కరోలినాలో, కొత్త మందుల్ని మనుషులకి ఇచ్చే ముందు జంతువుల్లో పరీక్షించే ల్యాబ్‌లో పశువైద్యురాలిగా పనిచేస్తున్నాను. నెరాటినిబ్ మీద నేనెప్పుడూ పని చెయ్యలేదు. కానీ ఆ జాతి మందుల మీద చేశాను. క్యాన్సర్ కణానికి "పెరుగు, పెరుగు" అని సంకేతం ఇచ్చే కైనేజ్‌ల నోరు నొక్కే మందులు ఇవన్నీ. టార్గెటెడ్ మందులు అంటారు.

ఈ మందుల పరీక్షలో పొద్దున్నే మొదటి పని ఏమిటో తెలుసా? బోను అడుగున పరిచిన కాగితం బయటకి లాగి పెంటికలు చూడటం. ఆరోగ్యంగా ఉన్న ఎలుక పెంటిక నల్లగా, గట్టిగా, రెండు కొనలూ సన్నగా, ఇంచుమించు వరిగింజ ఆకారంలో, కాస్త లావుగా ఉంటుంది. కాగితం వంచితే దొర్లిపోతుంది. మందు పనిచెయ్యడం మొదలెట్టాక అది మెత్తబడి కాగితానికి అంటుకుంటుంది. తర్వాత ఆకారం పోతుంది. అప్పుడు ఎలుకని చేతిలోకి తీసుకుని, తోక మొదలు రెండు వేళ్లతో ఎత్తి కింద చూస్తాం. తెల్లటి బొచ్చు మీద పసుపు మరక ఉందా, ఎంత మేర ఉంది, తడిగా ఉందా ఎండిపోయిందా. సున్నా, ఒకటి, రెండు, మూడు అని మార్కు వేస్తాం. మామూలుగా ఉంటే సున్నా, మెత్తబడితే ఒకటి, బొచ్చుకి మరక అంటితే రెండు, ఒళ్లంతా తడిసి, జంతువు మూలకి ముడుచుకుని ఉంటే మూడు. మూడు వేసిన రోజు మందు ఆపాలా వద్దా అన్నది ఆ గంటలోనే తేల్చాలి.

ఈ పని ఇన్నేళ్లు చేసిన నేను, నా విషయం వచ్చేసరికి రెండు రోజులు దాచుకున్నాను. అది తర్వాత చెప్తాను.

నేను మందు మొదలుపెట్టేటప్పటికి అమ్మ మదనపల్లి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. అమ్మకి డెబ్భై నాలుగేళ్లు. నాకు ఒక్కసారి మోషన్ అయినా అమ్మ మొదటి ప్రశ్న "రాత్రి ఏం తింటివే?" రెండో ప్రశ్న "ఆవకాయ తింటివా?" తినలేదంటే "అయితే వేడి చేసింటుంది" అనేది. జీలకర్ర నీళ్లు, సగ్గుబియ్యం జావ, మజ్జిగలో ఇంగువ. మా అత్తగారు హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో "బయట తిండి తగ్గించమ్మా" అనేవారు. నాకు తెలిసిన మన ఆడవాళ్లలో ఈ మందు వాడినవాళ్లు ముగ్గురు. ముగ్గురికీ ఇదే అనుభవం. ఇంట్లో అందరూ ప్రేమగానే అంటారు. కానీ ఆ మాటలన్నీ విని విని, తప్పు మనదేనేమో, మనం తిన్నదాంట్లోనే ఏదో ఉందేమో అనిపించడం మొదలవుతుంది. ఒక్కొక్కటీ మానేస్తాం. కారం మానేస్తాం, పప్పు మానేస్తాం, చివరికి గంజి మీద బతుకుతాం. అయినా ఆగదు. ఒళ్లు నీరసపడుతుంది, అంతే.

అమ్మకి నేను చెప్పిన జవాబు ఇదీ. ఆస్ట్రేలియాలో అడిలైడ్ యూనివర్సిటీలో ఒక బృందం ఎన్నో ఏళ్లుగా ఈ ఒక్క విషయం మీదే పనిచేస్తోంది: క్యాన్సర్ మందులు పేగుని ఏం చేస్తాయి. 2012లో వాళ్లు లాపాటినిబ్ అనే మందుతో ఎలుకల్లో ఈ విరేచనాల్ని తెప్పించి చూశారు. తర్వాత నెరాటినిబ్‌తో చేశారు. 2019లో వచ్చిన వాళ్ల పేపర్‌లో 64 ఎలుకలు. కిలో బరువుకి 50 మిల్లీగ్రాముల చొప్పున రోజూ నోట్లోంచి గొట్టంతో మందు పట్టారు, కొన్నిటికి 14 రోజులు, కొన్నిటికి 28 రోజులు. ఇలాంటి పరీక్షలో అన్ని ఎలుకలకీ ఒకే మేత, ఒకే నీళ్లు, ఒకే గది, ఒకే వేళకి దీపం. మందు పడినవాటికి విరేచనాలు పట్టుకున్నాయి. వాటికి ఎవరూ ఆవకాయ పెట్టలేదమ్మా, బయట తిండి పెట్టలేదు, వేడి చెయ్యడానికి వాటికేమీ లేదు, ఉన్న తేడా అంతా మందొక్కటే అని చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి "పాపం, మూగజీవాలు" అంది. మళ్లీ ఆవకాయ మాట ఎత్తలేదు.

ఎలుకల పరీక్ష మన రోగులకి చేసిన మొదటి మేలు నా ఉద్దేశంలో ఇదే. తప్పు తిండిది కాదని, రోగిది అంతకన్నా కాదని తేల్చింది.

మరి మందు ఎందుకలా చేస్తుంది? నాకు అర్థమైనంత వరకు చెప్తాను. హెర్-2 అనేది ఒంటరిది కాదు, దానికి అన్నదమ్ములున్నారు. హెర్-1, అంటే ఈజీఎఫ్ఆర్, అలాగే హెర్-4. నెరాటినిబ్ వీటన్నిటినీ పట్టుకుంటుంది. పట్టుకుందంటే ఇక వదలదు, ఆ ప్రొటీన్ పోయి కొత్తది పుట్టాల్సిందే. ఒంట్లో ఎక్కడో దాక్కున్న క్యాన్సర్ కణానికి అది మంచి దెబ్బ. కానీ పేగు లోపలి గోడ నిండా ఈజీఎఫ్ఆర్ ఉంటుంది. స్కూల్లో చూషకాలు అని చదువుకున్నామే, కొత్త తువ్వాలు మీద నూలు పోగుల్లా నిలబడి ఉండేవి, వాటి మీది కణాలు నాలుగైదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఆ కొత్తవి సరిగ్గా పుట్టడానికి ఈజీఎఫ్ఆర్ సంకేతం కావాలి.

దానికి ఇంకో పని కూడా ఉంది. పేగు కణాల్లోంచి క్లోరైడ్ బయటకి పోకుండా ఈజీఎఫ్ఆర్ కళ్లెం వేసి ఉంచుతుంది. మందు ఆ కళ్లేన్ని తెంపేస్తుంది. క్లోరైడ్ పేగులోకి కారుతుంది, దాని వెంట సోడియం పోతుంది, ఉప్పు ఎటు పోతే నీళ్లు అటే. కలరాలో జరిగేది కూడా కొంతవరకు ఇలాంటిదే, అక్కడ క్లోరైడ్ గేటు తెరిచేది కలరా విషం. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు 2019లోనే ఎలుకలకి ఇదే కుటుంబంలోని అఫాటినిబ్ ఇచ్చి, సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ గేటుని ఒక రసాయనంతో మూసి చూస్తే విరేచనాలు తగ్గాయి.

అలాగని కారణం ఇదొక్కటే కాదు. అడిలైడ్ ఎలుకల పెద్దపేగు మొదటి భాగంలో కణాలు మామూలుకన్నా ఎక్కువగా చచ్చిపోవడం కనిపించింది. చిన్నపేగు చివర, పెద్దపేగులో వాపు కనిపించింది. చిన్నపేగు చివరి భాగం చెడితే పైత్యరసం వెనక్కి ఇంకకుండా పెద్దపేగులోకి జారి, అక్కడ మంట పెట్టి నీళ్లు లాగుతుంది. అందుకే వాళ్లు రెండు విరుగుడులు పరీక్షించారు: పేగు వాపు తగ్గించే బ్యుడెసొనైడ్, పైత్యరసాన్ని పట్టి ఉంచే కొలెసెవెలామ్. రెండూ, విడివిడిగా, ఓ మోస్తరు విరేచనాలు పట్టిన రోజుల సంఖ్యని తగ్గించాయి. బ్యుడెసొనైడ్ ఇచ్చిన ఎలుకల పెద్దపేగు గోడ మైక్రోస్కోపు కింద బాగుపడి కనిపించింది. అయితే ఆ ఎలుకలు మిగతావాటంత బరువు పెరగలేదు. అది స్టెరాయిడ్ కదా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు నా అనుభవం.

మా డాక్టరుగారు నాకు ఒకేసారి ఆరు మాత్రలు ఇవ్వలేదు. మొదటి వారం రోజుకి మూడు, రెండో వారం నాలుగు, పదిహేనో రోజు నుంచి ఆరు. లెక్క వేస్తే మొదటి నెలకి 133 మాత్రలు అవుతాయి, దీనికోసమే 133 మాత్రల సీసా ఉంది. మామూలు నెల సీసాలో 180 ఉంటాయి. ఈ మెట్టు మెట్టు పద్ధతి 2021లో ఎఫ్‌డీఏ లేబుల్ మీదకి ఎక్కింది. అంతకుముందు తొలిరోజు నుంచే ఆరు. ఎక్స్‌టెనెట్ అనే పెద్ద ట్రయల్‌లో 2840 మంది ఆడవాళ్లు ఉన్నారు, సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర. మోషన్స్ రాకుండా ముందుజాగ్రత్త మందు తప్పనిసరి చెయ్యలేదు. మందు వేసుకున్నవాళ్లలో నూటికి 40 మందికి గ్రేడ్ 3 విరేచనాలు పట్టుకున్నాయి. గ్రేడ్ 3 అంటే మనకి మామూలుగా అయ్యేదానికన్నా రోజుకి ఏడు సార్లో అంతకన్నా ఎక్కువో అవ్వడం. నూటికి 17 మంది విరేచనాల వల్లే మానేశారు. తర్వాత కంట్రోల్ అనే ట్రయల్‌లో డోసు మెల్లగా పెంచిన ఒక గుంపులో గ్రేడ్ 3 వచ్చినవాళ్లు నూటికి 13 మంది, విరేచనాల వల్ల మానేసినవాళ్లు నూటికి 3 మంది చొప్పున. అదే మందు, అదే చివరి డోసు. మెల్లగా ఎక్కినందుకు ఇంత తేడా.

మొదటి రెండు వారాలు తేలిగ్గానే గడిచాయి. రోజుకి రెండు మూడు సార్లు, మెత్తగా. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర ఒకటో రెండో వేసుకుంటే ఆగేది. ఒకసారి తొందరపడి ఎక్కువ వేసుకుంటే రెండు రోజులు అసలు కాలేదు, కడుపు బిగదీసి నొప్పి. దానికీ ఒక కొలత ఉంది: మొదటి నీళ్ల మోషన్‌కి రెండు మాత్రలు, అంటే 4 మిల్లీగ్రాములు, ఆ తర్వాత ప్రతి మోషన్‌కీ ఒకటి, డాక్టరు చెప్పకుండా రోజుకి 16 మిల్లీగ్రాములు దాటకూడదు.

పదిహేనో రోజు నుంచి ఆరు మాత్రలు. పదిహేడో రోజు శనివారం. అమ్మని కేరీలో వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్తానని మాటిచ్చాను. కారెక్కి పది నిమిషాలు కాలేదు, కడుపులో ఎవరో బిందె ఒలకబోసినట్టు చప్పుడైంది. నొప్పి లేదు, ముందు హెచ్చరిక లేదు. రోడ్డు పక్క పెట్రోలు బంకు దగ్గర ఆపాను. బాత్రూమ్ తాళం వేసి ఉంది, తాళంచెవి కౌంటరు దగ్గర ఉందన్నారు. కౌంటరు దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. నేను అక్కడిదాకా వెళ్లలేకపోయాను. అమ్మ కారు దిగి వచ్చి, తన భుజం మీది శాలువా తీసి నా నడుముకి చుట్టింది. ఒక్క మాట అనలేదు. ఇంటికి తిరిగొచ్చేశాం. ఆ రోజు మొత్తం తొమ్మిది సార్లు. మర్నాడు పది.

నా చేతిలో నర్సు నంబరు ఉంది. శని, ఆదివారాలు కూడా ఎత్తే నంబరు. చెయ్యలేదు. సోమవారం దాకా చూద్దాం అనుకున్నాను. సిగ్గు, అంతే. ల్యాబ్‌లో ఒక ఎలుక కాగితం మీద అలాంటిది కనిపిస్తే అదే గంటలో నోట్‌బుక్‌లో రాసి, పైవాళ్లకి ఫోన్ చేసేదాన్ని. ఎలుక ఏదీ దాచుకోదు, దాన్ని ఎవరూ సిగ్గుపడమనరు. దాని కాగితం రోజూ ఎవరో ఒకరు చూస్తారు. నా కాగితం నేనే మడిచి దాచేశాను. సోమవారం పొద్దున మంచం మీంచి లేస్తే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. అప్పుడు చేశాను ఫోన్.

ఆ తర్వాత జరిగింది వరసగా చెప్తాను, ఇలాంటి రోజు వస్తే మీకూ దాదాపు ఇలాగే జరుగుతుంది. రక్తం తీశారు, పొటాషియం తక్కువ ఉంది. సెలైన్ పెట్టారు. మోషన్ శాంపిల్ తీసుకుని ఇన్‌ఫెక్షన్ ఏదైనా ఉందేమో చూశారు, లేదు. ఇది ముఖ్యం, మందు వల్లే అని మనమే తీర్మానించేసుకోకూడదు. నెరాటినిబ్ మూడు రోజులు ఆపమన్నారు. తగ్గాక మళ్లీ అదే ఆరు మాత్రలు. వారం లోపల తగ్గితే అదే డోసు, అంతకన్నా ఎక్కువ రోజులు పడితే ఒక మాత్ర తగ్గించడం పద్ధతి. దాంతో పాటు బ్యుడెసొనైడ్ రోజూ పొద్దున 9 మిల్లీగ్రాములు, 28 రోజులు.

ఆ చీటీ చేతికిచ్చినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. అడిలైడ్‌లో ఆ 64 ఎలుకలు. వాటి తోకలు ఎత్తి చూసినవాళ్లు, పెద్దపేగు ముక్కని సన్నగా కోసి రంగు వేసి గాజుపలక మీద పరిచినవాళ్లు. ఆ పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆఖరి రోజు ఆ జంతువుల్ని నిద్రపుచ్చడం ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఇన్నేళ్లలో అది నాకు ఒక్క రోజూ తేలిక కాలేదు. ఆ రోజు ఇన్‌ఫ్యూజన్ కుర్చీలో కూర్చుని, చేతికి సెలైన్ ఎక్కుతుండగా, వాటికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

బ్యుడెసొనైడ్ మొదలైన వారానికి రోజుకి మూడు, తర్వాత రెండు. ఆకలి తగ్గలేదు, బరువు మాత్రం కిలోన్నర తగ్గాను. విరేచనాల వల్లా, స్టెరాయిడ్ వల్లా చెప్పలేను. మూడో నెల నుంచి పెద్దగా గుర్తు చేసుకోవాల్సింది లేదు. ట్రయల్స్‌లోనూ అంతే, భారమంతా మొదటి నెలలోనే. ఆ ఒక్క నెల దాటించడమే ఈ మందులో అసలు కిటుకు.

తోడు సరుకుల గురించి కూడా రాయాలి.

లోపెరమైడ్: మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. కానీ దుర్వినియోగం అవుతోందని 2019 నుంచి ఒక్కో పెట్టెలో 48 మిల్లీగ్రాములకి మించకుండా చేశారు. అంటే 2 మిల్లీగ్రాముల మాత్రలు 24. చెడ్డ రోజుల్లో రోజుకి ఎనిమిది పడితే పెట్టె మూడు రోజులకి వస్తుంది. మొదటి మాత్ర వేసుకునేముందే నాలుగు పెట్టెలు ఇంట్లో పెట్టుకోండి. కారులో ఒకటి, బ్యాగులో ఒకటి.

ఓఆర్‌ఎస్: అమ్మ సూట్‌కేసులో ఇరవై పొట్లాలు తెచ్చింది, లీటరు నీళ్లలో కలిపేవి, ఒక్కొక్కటి 20.5 గ్రాములు. వెనక వైపు చదివి తీసుకోమని ముందే ఫోన్‌లో చెప్పాను: ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ఈ అంకెలు ఉంటేనే అది డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా. అట్ట మీద ఓఆర్‌ఎస్ అని రాసినంత మాత్రాన ఓఆర్‌ఎస్ అయిపోదు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో మన దేశంలో ఆహార పదార్థాల నియంత్రణ చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఈ ఫార్ములా లేని తియ్యటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశం ఇచ్చింది. పంచదార ఎక్కువున్న పానీయం విరేచనాల్లో తాగితే ఇంకా నీళ్లు లాగుతుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన వస్తువు, అన్నిటికన్నా చవకైన వస్తువు ఈ పొట్లమే.

మందు పంపే ఫార్మసీ: పేరు రాయను. రెండో నెల సీసా ఇన్సూరెన్సు అనుమతి కోసం ఆగిపోయి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఫోన్ చేసిన ప్రతిసారీ పుట్టిన తేదీ మొదటి నుంచి చెప్పించుకున్నారు. సీసాలో పది రోజుల మాత్రలు మిగిలుండగానే తర్వాతదానికి ఫోన్ చెయ్యండి. వాళ్ల నర్సు మాత్రం బంగారం. "ఎన్ని సార్లు, ఎలా ఉంది, రాత్రి లేచారా" అని మొహమాటం లేకుండా అడిగేది. ఆమె అలా అడగబట్టే నాకు చెప్పడం అలవాటైంది.

తిండి: అన్నం, పెరుగు, అరటిపండు, బంగాళదుంప, చారు. పాలు నాకు పడలేదు, పెరుగు పడింది. ద్రాక్షపండు జాతి కాదు, గ్రేప్‌ఫ్రూట్ అని నారింజలాంటి పెద్ద పండు ఉంటుంది, అది ఈ మందుతో పనికిరాదు, మందు రక్తంలో పెరిగిపోతుంది. ఆ కుటుంబంలోదే కాబట్టి మన పంపరపనస కూడా ముట్టలేదు. అమ్మ దానిమ్మ తొక్క కషాయం చేస్తానంది. మంచి మనసుతోనే అంది, కానీ డాక్టరుని అడక్కుండా ఏ కషాయమూ వద్దన్నాను. గ్యాస్‌కి వేసుకునే ఒమెప్రజోల్ లాంటివి కూడా ఈ మందుని ఒంటబట్టనివ్వవు, ఇంట్లో అలవాటుగా వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి.

ఇక విరుగుడులకి కొత్తగా ఏమైనా వస్తోందా అని చాలామంది అడుగుతారు. క్రోఫెలెమర్ అనే మందు ఉంది. దక్షిణ అమెరికాలో ఒక చెట్టు గాటు పెడితే ఎర్రటి పాలు కారతాయి, దాంట్లోంచి తీస్తారు. నేను పైన చెప్పిన క్లోరైడ్ గేట్లని మూస్తుంది. హెచ్‌ఐవీ రోగుల విరేచనాలకి 2012 నుంచే ఉంది. ఆడ బీగిల్ కుక్కలకి నెరాటినిబ్ ఇచ్చి, తోడుగా దీన్ని ఇస్తే నీళ్ల విరేచనాలు తగ్గాయి. కుక్కల మలానికి ఒకటి నుంచి ఏడు దాకా మార్కులుంటాయి, ఏడంటే ఉత్త నీళ్లు. ఎలుకకన్నా కుక్క నయం, మనలాగే వాంతి చేసుకోగలదు, ఎలుక చేసుకోలేదు. ఆ ఫలితం చదివి చాలా ఆశపడ్డాను. కానీ రకరకాల టార్గెటెడ్ మందులు వాడే రోగుల్లో చేసిన పెద్ద ట్రయల్ 2024లో తను పెట్టుకున్న ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. రొమ్ము క్యాన్సర్ వాళ్లలో కొంత మేలు కనిపించిందన్నారు, చూడాలి. జంతువులో పనిచేసింది కదా అని మనిషిలోనూ పనిచేస్తుందని నేను ఎవరికీ మాటివ్వను. జంతువు మనకి ఎందుకో చెబుతుంది. ఎంతవరకో మనుషుల్లోనే తేలాలి.

మార్కులు అడిగితే మందుకి అయిదుకి నాలుగు. ఒకటి మొదటి నెల కోసం తీశాను. ఎక్స్‌టెనెట్‌లో అయిదేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మందు వేసుకున్నవాళ్లలో నూటికి 90.2, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 87.7. చిన్న తేడానే అనిపిస్తుంది. నాలాగా హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల ప్రభావంతో పెరిగే రకం) కూడా అయి, ట్రాస్టుజుమాబ్ అయిన ఏడాది లోపే మొదలుపెట్టినవాళ్లలో 90.8కి 85.7. ఆ అయిదుగురిలో నేను ఉండొచ్చు. నా కొడుక్కి పదిహేనేళ్లు. నాకు ఆ లెక్క చాలు. మీ లెక్క వేరే కావచ్చు, అది మీ డాక్టరుతో కూర్చుని వేసుకోండి. అంతా తెలిసి మానేస్తే అది మీ నిర్ణయం, నేను తప్పు పట్టను. చెప్పుకోలేక మానేస్తేనే నాకు బాధ.

షార్లట్ ఆవిడకి ఆదివారం మళ్లీ ఫోన్ చేశాను. సీసా మీద ఎన్ని మాత్రలని రాసి ఉందో చూడమన్నాను. వెళ్లి చూసి వచ్చి, "నూట ఎనభై అండీ" అన్నారు. మొదటి రోజు నుంచీ ఆరు వేసుకున్నారు. సోమవారం పొద్దున డాక్టరుకి ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పమన్నాను: ఎన్ని సార్లు అయింది, ఏ రోజు ఆపేశారు, మూడు మాత్రలతో మళ్లీ మొదలుపెట్టే వీలుందా. ఒక కాగితం మీద రాసుకుని చదవమన్నాను. రాసుకున్నారు, నాకు ఒకసారి చదివి వినిపించారు కూడా.